బండి కింద గాలి

తిరుపతి,
11 ఆగస్టు 2024

అవ్వకు,

పవిత్ర నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే గీతల కాగితం మీద, ఎడమపక్క అంచు వదిలి రాస్తున్నాను. హాస్టల్లో అందరికీ నేనొక వింత. ఈ కాలంలో ఉత్తరమా అని నవ్వుతున్నారు. మా అవ్వకు ఫోన్లో మాట వినపడదు, చెవికి మిషను పెట్టుకోమంటే పెట్టుకోదు, మెసేజి పంపితే ఇంత ముక్కకు చదువెందుకు అంటుంది అని చెప్పాను. సబియా మాత్రం నవ్వలేదు. "మీ అవ్వను ఒకసారి సూడాలప్పా" అంది.

సబియా ఎవరో చెప్పాలి కదా. మా కాలేజీలో కొంతమందిమి కలిసి పందెం కారు తయారుచేస్తున్నాం. ఒక్కరే కూర్చునేది. పైన కప్పు ఉండదు, చక్రాలు బయటికే కనిపిస్తాయి. ఫిబ్రవరిలో కోయంబత్తూరు దగ్గర ఇంజనీరింగు కాలేజీల మధ్య పోటీ ఉంది. ఆ బండి నడిపేది సబియా. చంద్రగిరి అమ్మాయి, నా క్లాసే. వాళ్ల నాయన అజ్మతుల్లా ఆటోలకు, వ్యాన్లకు సీట్లు కుడతాడు. మా బండి సీటు కూడా ఆయనే కుట్టాడు. సబియాను మెత్తటి నురుగు మీద కూర్చోబెట్టి, ఒళ్లు అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం కుట్టాడు. "దీంట్లో ఇంకెవురు కూసున్నా నడుము పట్టేస్తాది. ఇది మా పాపది" అన్నాడు.

నాకిచ్చిన పని బండి అడుగుభాగం. నేరుగా పోయేటప్పుడు ఎవరి బండయినా పోతుంది. మలుపులో నిలబడేదే పందెం కారు. నిలబడాలంటే టైర్లు నేలకు గట్టిగా అదుముకోవాలి. అందుకని బరువు పెంచితే బండి మందగిస్తుంది. కాబట్టి ఆ అదుము గాలితో తెచ్చుకోవాలి. బండి కింద ఫైబరుతో ఒక పళ్లెం చేశాం. అది ముందు ఎత్తుగా మొదలై, మధ్యలో నేలకు దగ్గరగా దిగి, వెనక మళ్లీ పైకి లేస్తుంది. ఇప్పుడు మధ్యలో నేలకూ దానికీ నలభై మిల్లీమీటర్ల సందు ఉంది. దాన్ని ఇంకా తగ్గించవచ్చా, ఎంతకు తగ్గించవచ్చు అనేదే నా ప్రశ్న. స్ప్రింగులు ఎంత నలిగినా బండి పదిహేను మిల్లీమీటర్లకు మించి దిగదు. కంప్యూటరు రోజుకొక జవాబు చెబుతోంది. మా జయచంద్ర సారేమో పెట్టి చూసి తెలుసుకోండి అంటాడు.

నువ్వు ఒక లెక్క చేసి, జవాబు కింద రెండు గీతలు గీసి పంపు. నువ్వు రెండు గీతలు గీశాక మన ఇంట్లో ఎవరైనా నోరెత్తారా?

నీ
పవిత్ర

చిత్తూరు,
19 ఆగస్టు 2024

చిరంజీవి పవిత్రకు,

అవ్వ ఆశీస్సులు. ఉత్తరం చేరింది. "అదుము" అన్న మాటను ఒకసారి బలం అనే అర్థంలో, ఒకసారి ఒత్తిడి అనే అర్థంలో వాడావు. రెండూ ఒకటి కావు. తొమ్మిదో తరగతిలోనే చెప్పాను.

ఆడపిల్లవు, నీకు పందెం కారు ఎందుకని నేను అడుగుతానని నువ్వు ఎదురుచూసి ఉంటావు. అడగను. నేను అడిగేది వేరు. ఆ పిల్లకు తలకు, మెడకు రక్షణ ఏముంది? బండి తలకిందులైతే ఏమిటి ఏర్పాటు? జవాబు రాయి.

ఇక నీ ప్రశ్న. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పోయేటప్పుడు లారీ పక్కనుంచి దూసుకుపోతే మన బస్సు దానివైపు ఒరిగినట్టు అనిపిస్తుంది. లారీ మనల్ని లాగలేదు. రెంటి మధ్య ఇరుకులో గాలి వేగం పెరిగింది, అక్కడ ఒత్తిడి తగ్గింది. అవతలిపక్క గాలి ఒత్తిడి తగ్గలేదు. అదే మనల్ని తోసింది. నీ బండికీ ఇంతే. పళ్లెం నేలను పీల్చదు. బండి పైనున్న గాలి దాన్ని కిందికి తోస్తుంది.

ఇప్పుడు గాలికి జిగురు, ఘర్షణ లేవనుకుందాం. అదే గాలి నలభై బదులు ఇరవై ఐదు మిల్లీమీటర్ల సందులో పోవాలంటే వేగం 1.6 రెట్లు అవుతుంది. వేగం వర్గాన్ని బట్టి కదా ఒత్తిడి తేడా. 1.6 వర్గం 2.56. అంటే బండిని అదిమే బలం రెండున్నర రెట్లు దాటుతుంది. స్ప్రింగు పూర్తిగా నలిగినా ఇంకా పది మిగులుతుంది, నేలకు తగలదు. అంతకంటే దించవద్దు.

సందు: 25 మిల్లీమీటర్లు. కింద రెండు గీతలు గీశాను.

చెవి మిషను సంగతి నీ స్నేహితులకు చెప్పనవసరం లేదు. నాకు వినపడాల్సినవి వినపడుతున్నాయి. మీ నాయన అరిచి చెబుతున్నాడు, మిగతావి కాగితం మీద వస్తున్నాయి.

ఇట్లు
శకుంతల అవ్వ

తిరుపతి,
6 అక్టోబరు 2024

అవ్వకు,

పవిత్ర నమస్కారాలు. ముందు నీ ప్రశ్నలకు జవాబు. డ్రైవరు తల వెనక ఉక్కు గొట్టాల చట్రం ఉంది. భుజాల మీద నుంచి, నడుముకు, తొడల మధ్య నుంచి బెల్టులు. హెల్మెట్టు, నిప్పంటని బట్టలు. చాలునా?

నీ లెక్క ప్రకారం సందు ఇరవై ఐదు చేశాం. అవ్వా, నువ్వు చూడాల్సింది. రేణిగుంట దాటాక ఒక ప్లాట్ల వెంచరు ఉంది. రోడ్లు వేసి, రాళ్లు పాతి, అమ్ముడుపోక వదిలేశారు. ఆదివారం పొద్దున మేకలు తప్ప ఎవరూ ఉండరు. అక్కడే నడిపిస్తున్నాం. మొదటి మలుపులో బండి నేలకు అతుక్కున్నట్టు తిరిగింది. ముందు ఎక్కడ బ్రేకు వేసేదో అక్కడ సబియా ఇప్పుడు కాలే తీయడం లేదు. దిగి హెల్మెట్టు తీసి, "మీ అవ్వ కాళ్లకు మొక్కాల" అంది.

గాలి ఎట్లా పోతోందో చూడటానికి కిరసనాయిల్లో ముగ్గు రంగు కలిపి పళ్లెం కింద పూశాం. బండి తిరిగొచ్చాక జాకీతో ఎత్తి చూస్తే గాలి పోయిన దారి అంతా దువ్వెనతో దువ్వినట్టు నీలం చారలు. మధ్యలో ఇరుకు దగ్గర మాత్రం చారలు లేవు, రంగు గడ్డకట్టినట్టు నిలబడి ఉంది. ఎక్కువ పూశాం అనుకున్నాం.

ఒక్క ఇబ్బంది ఉంది. రోడ్డు చివర కొంచెం ఎగుడుదిగుడు. ఆ మలుపులో సబియాకు నచ్చడం లేదు. "బండి కింద ఒక గొంతు ఉండాది పవీ. ఊఁ అని పాడతా వస్తాది. ఆ గడ్డలకాడ ఉన్నట్టుండి గొంతు మూసుకునిపోతాది. అప్పుడు చేతిలో స్టీరింగు ఉత్తిదైపోతాది, కాగితం పట్టుకున్నట్టు. మళ్లీ గొంతు వస్తాది, మళ్లీ బరువొస్తాది" అంటుంది. గిరి అని మా రెండో డ్రైవరు ఉన్నాడు, వాడికి ఏమీ తెలియలేదు. వాడు ఆమెంత వేగంగా నడపడు లే.

సందు మళ్లీ నలభైకి పెంచమంటుంది సబియా. పెంచితే మలుపులో గెలిచింది పోతుంది. ఏం చేయమంటావు?

నీ
పవిత్ర

చిత్తూరు,
14 అక్టోబరు 2024

చిరంజీవి పవిత్రకు,

అవ్వ ఆశీస్సులు. లెక్క మొదటి నుంచి మళ్లీ చేశాను. తప్పు లేదు.

సబియా మాట గురించి. గొంతు, పాట, కాగితం పట్టుకున్నట్టు ఉండటం, ఇవి వర్ణనలు. ఎన్ని న్యూటన్లు తగ్గింది? ఎంతసేపు తగ్గింది? ఆమె దగ్గర అంకె ఉంటే పంపమను, లెక్కలో కలుపుతాను. కొలత లేనిదాన్ని నేను ఎక్కడ కలపాలి? కొత్తగా బలం పెరిగిన బండిని నడిపేవాళ్లకు చేతులు కొన్నాళ్లు అలవాటు పడవు. కొత్త కళ్లజోడు పెట్టుకుంటే మెట్టు ఎత్తుగా కనిపించినట్టే ఇది.

భయపడుతున్నదా అని అడుగు. భయపడటం తప్పు కాదు. భయానికి శాస్త్రం పేరు పెట్టకూడదు.

సందు: 25 మిల్లీమీటర్లు. మళ్లీ గీశాను.

అవ్వ

తిరుపతి,
20 నవంబరు 2024

అవ్వకు,

చాలా రోజులకు రాస్తున్నాను. పరీక్షలు.

సబియా చెయ్యి విరిగింది. ఆదివారం పొద్దున వెంచరులో నడిపేటప్పుడు చివరి మలుపులో బండి జారి, రోడ్డు దిగి, ప్లాటు హద్దు రాయికి ముందు చక్రం తగిలింది. చక్రం తిరిగిన విసురుకు స్టీరింగు గిర్రున తిరిగి కుడి మణికట్టు విరిగింది. తలకేమీ కాలేదు. నువ్వు అడిగిన బెల్టులు, చట్రం అన్నీ పనిచేశాయి. ఆస్పత్రిలో ఎక్సురే తీశారు. తర్వాత వాళ్ల నాయన పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు.

రోడ్డు మీద ఇసక ఉంది. అందువల్లే జారింది.

నీ లెక్కకు దీనికి సంబంధం లేదు. అంతకుముందు వారమే మేం సందు మళ్లీ నలభైకి పెంచాం. నీకు చెప్పడం మరిచిపోయాను.

పవిత్ర

చిత్తూరు,
25 నవంబరు 2024

చిరంజీవి పవిత్రకు,

నీ ఉత్తరం మీ అమ్మకు, నాయనకు చదివి వినిపించాను. ముగ్గురం అన్నాలు ఆలస్యంగా తిన్నాం.

ఆ పిల్ల ఇంట్లో కలిపి తినిపించేవాళ్లు ఉన్నారా? కుడిచెయ్యి అంటున్నావు. నువ్వు రోజూ పోతున్నావా? పరీక్షలు ఎలా రాస్తుంది? కాలేజీవాళ్లను అడిగి రాసిపెట్టే మనిషిని ఏర్పాటు చేయించు. ఇది నువ్వు అడగాల్సిన పని, ఆమె అడగాల్సింది కాదు.

నలభైకి పెంచడం మంచిదే. నా లెక్క పాటించలేదని నేనేమీ అనుకోను.

బండి ఎట్లా జారిందో, ఏమేం దెబ్బతిన్నదో వివరంగా రాయి. ఇసకలో జారితే మొదట ఏ చక్రం జారుతుంది, ఏ మరక పడుతుంది, నాకు తెలుసుకోవాలని ఉంది.

అవ్వ

తిరుపతి,
4 డిసెంబరు 2024

అవ్వకు,

పవిత్ర నమస్కారాలు. రాసిపెట్టే అమ్మాయి దొరికింది. సబియా పరీక్షలు రాసింది. నేను రోజూ పోవడం లేదు. మొదట రెండుసార్లు పోయాను. వాళ్ల అమ్మ మహబూబ్ బీ టీ ఇచ్చింది. సబియా నిద్రపోతా ఉందని చెప్పింది, రెండుసార్లూ.

బండికి పెద్ద దెబ్బ లేదు. ముందు ఎడమ చక్రం, దాని కడ్డీలు మార్చాలి. ఫైబరు పళ్లెం పగలలేదు. దాని అడుగున, నేలకు తగిలినా పళ్లెం అరగకుండా, పది మిల్లీమీటర్ల మందం చెక్కపట్టీ ఒకటి బిగించాం. అది ఒక్కటే గీరుకుపోయింది. తారు మీద కూడా చెక్క రాసిన తెల్ల గీత, మలుపు మొదట్లో, బండి జారకముందే ఉంది. టైరు మరకలు ఆ గీత అయిపోయిన చోట మొదలవుతున్నాయి. అన్ని చక్రాలు ఒకేసారి జారాయి అని జయచంద్ర సార్ అన్నాడు.

ఇంకేమీ లేదు. ఇక్కడ చలి పెరిగింది. కొండ మీది గాలి సాయంత్రానికి దిగుతోంది.

పవిత్ర

చిత్తూరు,
12 డిసెంబరు 2024

పవిత్రా,

నువ్వు నాకు అబద్ధం రాశావు.

స్ప్రింగు పదిహేనుకు మించి నలగదని ఆగస్టులో నువ్వే రాశావు. నలభైలో పదిహేను పోతే ఇరవై ఐదు. అందులో చెక్క పది పోయినా, దానికీ నేలకూ మధ్య ఇంకా పదిహేను మిగలాలి. ఆ చెక్క తారుకు తగలదు. తగిలి, గీత పడిందంటే సందు ఇరవై ఐదే. మీరు పెంచలేదు. నా అంకె మీదే బండి పోయింది.

నన్ను కాపాడదామని రాశావని తెలుసు. కోపం లేదు. కానీ తప్పు లెక్కను దిద్దనివ్వకుండా దాస్తే అది ఇంకొకరి చేతిలో పడుతుంది.

ఈ నాలుగు రోజులూ మీ అమ్మ వంటింటిని పాడుచేశాను. రెండు స్టీలు పళ్లాలను బోర్లించి, మధ్య అగ్గిపుల్లలు పెట్టి, సందులో వేరుశనగ నూనె పోశాను. పుల్లలు నిలువుగా ఉన్నప్పుడు నూనె ధారగా అవతలికి పోయింది. పడుకోబెట్టి సందు తగ్గిస్తే వేగం పెరగలేదు. నూనె పైపళ్లాన్ని, కిందిపళ్లాన్ని రెంటినీ పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది. గాలికి కూడా ఆ జిగురు ఉంది. కొంచెమే. నలభైలో అది లెక్కకు రాదు. ఇరవై ఐదులో, గడ్డ మీద బండి దిగి పదే మిగిలినప్పుడు, ఆ కొంచెమే మొత్తం. నేలను పట్టుకున్న గాలి, పళ్లాన్ని పట్టుకున్న గాలి ఒకదానికొకటి తగిలి దారి మూసేశాయి. అదిమే బలం పోయింది. నాలుగు టైర్లూ ఒక్కసారే తేలికయ్యాయి. నీ నీలం రంగు ఇరుకు దగ్గర గడ్డకట్టిందని అక్టోబరులోనే రాశావు. నేను చదివాను, ఇద్దరం చూడలేదు.

సబియా కూడా అదే చెప్పింది. గొంతు మూసుకుపోతుందని చెప్పింది. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. నేను అంకె అడిగాను.

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

అవ్వ

తిరుపతి,
18 డిసెంబరు 2024

అవ్వా,

రాస్తున్నాను.

ఆ ఆదివారం సబియా బండి ఎక్కలేదు. హెల్మెట్టు చేతిలో పెట్టుకుని, "ఈ పొద్దు నలభైకి పెట్టు పవీ, అప్పుడు ఎక్కుతా" అంది. మార్చడానికి గంట పడుతుంది. ఎండ ఎక్కితే మేకలవాళ్లు వస్తారు. నేను నీ ఉత్తరం తీసి చూపించాను. రెండు గీతలు చూపించాను. "మా అవ్వ రెండుసార్లు లెక్కేసింది. నీకు అనిపించేది భయం, అంతే" అన్నాను. అందరి ముందూ అన్నాను. గిరి వాళ్లు నవ్వారు.

సబియా బండెక్కింది. హెల్మెట్టు పెట్టుకుంది. బెల్టు నేనే బిగించాను. హెల్మెట్టు అద్దంలోంచి నన్ను చూసి, "సరే, మీ అవ్వ ఇంట్లో కూసోని లెక్కేసింది కదా. మనం నమ్మాల" అంది.

ఎగతాళిగా అనలేదు అవ్వా. నిజంగానే నమ్మింది. అదే నా మనసులోంచి పోవడం లేదు.

రాయికి తగిలాక నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని సీట్లో అట్లే కూర్చుని ఉంది. ఏడవలేదు. "మూసుకునిపోయింది, విన్యావా?" అని అడిగింది. నేను బయట ఉన్నాను, నాకేం వినిపిస్తుంది? ఇంజను చప్పుడే వినిపించింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

పళ్లెం విప్పేసి టీం వదిలేద్దామనుకుంటున్నాను.

పవిత్ర

చిత్తూరు,
6 జనవరి 2025

చిరంజీవి పవిత్రకు,

అవ్వ ఆశీస్సులు. టీం వదలడానికి వీల్లేదు. నువ్వు చెడగొట్టినదాన్ని నువ్వే నలభైకి పెట్టి పంపాలి. ఇది శిక్ష అనుకో.

నేను నిన్న చంద్రగిరి పోయి వచ్చాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వూ వస్తావు, నీ వెనకాల నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. మీ నాయన బస్సెక్కించాడు. కోట దారిలో అజ్మతుల్లా అంగడి ఎవరిని అడిగినా చూపించారు. సీట్ల గుట్టల మధ్య నుంచి లేచి వచ్చి, నేనెవరో చెప్పకముందే, "పవిత్ర వాళ్ల అవ్వ కదా. టీచరమ్మ నడక" అని గట్టిగా అరిచి కుర్చీ తుడిచాడు. ఇంట్లోకి పిలిచి మహబూబ్ బీ అన్నం పెట్టింది. వద్దంటే చెవి దగ్గరికి వంగి "పెద్దాయమ్మ, మా ఇంట్లో తినరా?" అంది. తిన్నాను.

సబియా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పుత్తూరు కట్టు విప్పేశారు. చెయ్యి సన్నబడింది. గ్లాసు పట్టుకోగలుగుతోంది కానీ తిప్పలేకపోతోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. నా లెక్క తప్పు, నీ మాట సరి, దాన్ని భయం అని రాసింది నేను, పవిత్ర నా మాటనే పలికింది అని. నాకు వినపడాలని ఆ పిల్ల దగ్గరికి జరిగి, నోరు బాగా తెరిచి మాట్లాడింది. అందుకే ఆమె అన్నది నీకు రాయగలుగుతున్నాను.

"లెక్క తప్పితే తప్పనీ అవ్వా. మా నాయన కూడా ఒగోసారి కొలత తప్పి కుడతాడు, ఇప్పి మళ్లీ కుడతాడు. నేను సెప్తా ఉంటే పవి కాగితం సూసింది. నా మొగం సూడలా. అదీ నా బాధ."

మళ్లీ బండెక్కుతావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. కారణం చెయ్యి కాదంది. "ఎక్కినాక ఏమన్నా వినపడితే ఎవురికి సెప్పాల?" అంది.

ముప్పై మూడేళ్లు తరగతిలో ప్రశ్నలు అడిగినదాన్ని నేనే.

చివరికి అడిగాను, ఆ గొంతు ఎట్లా ఉంటుందో చేసి చూపించమని. సబియా కళ్లు మూసుకుంది. పెదాలు దగ్గరికి తెచ్చి పాడటం మొదలుపెట్టింది. గొంతు దగ్గర నరం కదిలింది. మహబూబ్ బీ వంట ఆపి చూసింది. అజ్మతుల్లా మిషను ఆపాడు. తర్వాత ఉన్నట్టుండి పెదాలు ఆగిపోయాయి, చేతులు గాల్లో ఉత్తిగా నిలబడ్డాయి. గదిలో వాళ్లందరూ దాన్ని విన్నారు. నాకేమీ వినపడలేదు పవిత్రా. ఆ పిల్ల కళ్లు తెరిచి, "విన్యారా?" అన్నట్టు నన్ను చూసింది.

విన్నాను అని చెప్పాను. అబద్ధం.

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. లేదనుకుందాం అని రాయడం నాకు చాలా తేలిక. గాలికి జిగురు లేదనుకున్నాను. నాకు వినపడనిది లేదనుకున్నాను.

అవ్వ

కోయంబత్తూరు,
9 ఫిబ్రవరి 2025

అవ్వకు,

పవిత్ర నమస్కారాలు. పోటీ ఇవాళ అయిపోయింది. లాడ్జి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

సందు నలభై. చెక్కపట్టీ ఎక్కడా నేలకు తగలలేదు, పోటీ అయ్యాక వేలు పెట్టి చూశాను. గిరి నడిపాడు. బండి ఆగకుండా చివరిదాకా పోయింది. మధ్యలోనే సగం బండ్లు ఆగిపోయాయి కాబట్టి అది చిన్న సంగతి కాదని జయచంద్ర సార్ అన్నాడు. మా స్థానం మధ్యలో ఎక్కడో ఉంది.

గిరి ప్రతిసారీ దిగి నడుము పట్టుకున్నాడు. "ఈ సీటు నన్ను తోసేస్తా ఉండాదిరా అప్పా, నువ్వెవురని అడగతా ఉండాది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఎవరం నవ్వలేదు. అజ్మతుల్లా చెప్పింది నిజమే, ఇంకెవరు కూర్చున్నా పట్టేస్తుంది.

సబియాకు రైలు టికెట్టు తీశాం. రాలేదు. నేను పోయి పిలిచాను. ఈసారి నిద్రపోతా ఉందని చెప్పలేదు, తనే బయటికి వచ్చింది. కాగితం ఏదీ లేకుండా, నా తప్పు అని ముఖం చూసి చెప్పాను. వింది. "పో పవీ, రైలు తప్పిపోతాది" అంది. కోపంగా కాదు. కోపంగా ఉంటే బాగుండేది.

ఇవాళ గిరి బండిలోంచి దిగగానే మొదటిసారి అంకెలు అడగలేదు. ఎట్లా ఉండిందిరా అని అడిగాను. వాడు చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. సబియా అయితే చెప్పేది.

వచ్చే ఏడు డ్రైవరు గిరే అని ఖాయమైంది. తిరిగిపోగానే సీటు విప్పి చంద్రగిరికి పంపుతారు, వాడి కొలతకు మార్చడానికి. నేను ఆపమని అడగలేకపోయాను. ఎందుకు ఆపమనాలి?

నీ
పవిత్ర

చిత్తూరు,
2 మార్చి 2025

చిరంజీవి పవిత్రకు,

అవ్వ ఆశీస్సులు.

చెవి మిషను పెట్టించుకున్నాను. మీ నాయన ఆశ్చర్యపడి కారణం అడిగాడు. వయసు అన్నాను. పెట్టగానే మొదట వినపడింది తల మీది ఫ్యాను. ఇన్నేళ్లుగా అది తిరగడం చూస్తున్నాను, రెక్కల కోణం గురించి పిల్లలకు పాఠం చెప్పాను. అది ఇంత చప్పుడు చేస్తుందని, అందులో ఒక రెక్క వదులై లయ తప్పుతోందని నాకు తెలియదు. మీ అమ్మను అడిగితే, "రెండేళ్లుగా చెప్తానే ఉండాను కదత్తా" అంది.

నిన్న మీ నాయన ఫోను తీసుకుని సబియాకు చేశాను. నేనే మాట్లాడాను, నేనే విన్నాను. బాగున్నావా, చెయ్యి తిరుగుతోందా అని అడిగాను. పెన్ను పట్టుకుంటోందట. నాకు వినపడుతోందని తెలిసి సంతోషపడింది. అప్పుడు అడిగాను.

"సబియా, ఆ రోజు నాకు వినపడలేదమ్మా. విన్నానని అబద్ధం చెప్పాను. ఆ గొంతు ఇంకొకసారి చెయ్యి. ఇప్పుడు వింటాను."

మిషను పాడైందేమోనని తడుముకున్నాను.

"తెలుసవ్వా, మీకు వినపళ్లేదని. మీ మొగం సూస్తే తెలిసిపోయింది" అంది. ఆ తర్వాత మెల్లగా, "ఇప్పుడొద్దులే. దాన్ని మర్సిపోతా ఉండాను. మర్సిపోతా ఉంటే నిద్ర పడతా ఉండాది" అంది.

నేను మళ్లీ అడగలేదు.

ఆమె వెనక ఏదో చప్పుడు వస్తోంది. గబగబా సాగి, ఆగి, మళ్లీ సాగుతోంది. అదేమిటమ్మా అన్నాను.

"మా నాయన మిషను. బండి సీటు పంపించినారు కదా, ఇప్పేసి గిరికి సరిపోయేటట్టు కుడతా ఉండాడు."

ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు. కుట్టు అయిపోయేదాకా విన్నాను. దానికి ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు.

ఈ ఉత్తరంలో లెక్క ఏమీ లేదు. కింద గీతలు గీయడం లేదు.

ఇకమీదట ఫోను చెయ్యి. ముందు చంద్రగిరికి, తర్వాత నాకు.

అవ్వ